బండి మాట్లాడుకునేటప్పుడు నేను అడగని ప్రశ్న



ఈ వారం రక్తపోటు గురించి గాని, మధుమేహం గురించి గాని వ్రాయబోవడం లేదు. గడచిన మాఘమాసంలో మేము చేసిన ఒక్కరోజు హంపీ యాత్రను గురించి వ్రాస్తున్నాను. ఆరోగ్య విషయాలకోసం వచ్చిన మీకు ఇది విహారయాత్రా వ్యాసంలా తోచవచ్చు. చివరిదాకా చదివితే ఇదీ ప్రాణరక్షణకు సంబంధించిన విషయమేనని మీరే అంటారు. ఇందులో ప్రధానమైన తప్పు నాది. కనుక ఎవరినో నిందించడానికి వ్రాస్తున్నానని మాత్రం భావించవద్దు.

మా అక్కయ్యకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ముప్పై సంవత్సరాలు తెలుగు పండితురాలిగా పని చేసింది. ఆముక్తమాల్యదలోని పద్యాలు ఇప్పటికీ పుస్తకం చూడకుండా చెప్పగలదు. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "ఒరే, ముప్పై ఏళ్ళు పిల్లలకు రాయలవారి గురించి చెప్పాను. ఆయన ఏలిన నేలను మాత్రం ఒక్కసారీ తొక్కలేదు. ఇంకెప్పుడురా?" అన్నది. అనంతపురం నుంచి హంపీ సుమారు నూట అరవై కిలోమీటర్లు. ఇంత దగ్గర ఉండి కూడా ఆమెను తీసుకువెళ్ళలేకపోయినందుకు సిగ్గుపడ్డాను. మర్నాడే బండి మాట్లాడడానికి బయలుదేరాను.

ఒక ట్రావెల్స్ యజమాని రానుపోను 7,500 రూపాయలు చెప్పాడు. నేను బేరమాడాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరితోనూ బేరం చేయని నాకు, విశ్రాంత జీవితంలో ఆ విద్య అబ్బింది. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా అన్నీ కలిపి 6,500కు ఒప్పించి, ఏదో సాధించినవాడిలా ఇంటికి వచ్చాను. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి రాత్రి ఏడుకల్లా తిరిగి రావాలన్నది ఒప్పందం.

ఇక యాత్రకు నేను చేసిన సన్నాహం చెబుతాను. మీకూ ఉపయోగపడవచ్చు.

మా శ్రీమతికి మధుమేహం. రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. ఎండలో నిలిపిన కారు కొలిమిలా కాగుతుంది. అందులో వదిలేసిన ఇన్సులిన్ శక్తి తగ్గిపోతుంది. అందుచేత చల్లదనం నిలిపే చిన్న సంచిలో పెట్టి, దాన్ని చేతిసంచిలోనే ఉంచుకోవాలని చెప్పాను. ప్రయాణంలో భోజనవేళ తప్పితే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నది కనుక పటికబెల్లం ముక్కలు, బిస్కెట్లు జేబుకు అందేలా పెట్టాను. అక్కయ్య రక్తపోటుకు వాడే మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయించేది ఒకటి ఉన్నది. దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనని మన ఆడవాళ్ళు నీళ్ళు త్రాగడమే మానేస్తారు. ఆ మాత్ర వేసుకుని నీళ్ళు మానేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మూత్రనాళంలో ఇన్ఫెక్షను కూడా రావచ్చు. అందుకని ప్రతి రెండు గంటలకూ పెట్రోలు బంకు దగ్గర ఆగాలని నిర్ణయించాను. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం వృద్ధులకు ఎక్కువ. ఆగిన ప్రతిచోటా నాలుగడుగులు వేయడం ఆ ముప్పును తగ్గిస్తుంది. టోపీలు, చేతికర్ర, జారని చెప్పులు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ఇద్దరి మందుల చీటీల నకళ్ళు కూడా సిద్ధం చేశాను.

బండినీ పరీక్షించాను. నంబరు పలక పసుపురంగుదా కాదా, టైర్లు అరిగిపోయాయా, స్టెప్నీ ఉన్నదా, అన్నీ చూశాను. వెనుక సీటు బెల్టుల కొక్కేలు కొత్త సీటుకవరు క్రింద కూరుకుపోయి ఉన్నాయి. "తర్వాత తీస్తాలే సార్" అన్నాడు డ్రైవరు. సరేనన్నాను. నిజానికి వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలని మన దేశంలో నిబంధన ఉన్నది. తెలిసి కూడా ఊరుకున్నాను.

ముగ్గురు వృద్ధుల ఆరోగ్యాన్ని గురించి ఇంత ఆలోచించిన నేను, ఆ ముగ్గురి ప్రాణాలనూ చేతుల్లో పట్టుకుని కూర్చున్న నాలుగో మనిషి ఆరోగ్యాన్ని గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. అతనికి ముప్పై ఏళ్ళుంటాయేమో. "ఏం నాయనా, బాగున్నావా?" అని అడిగాను. "బాగుండాను సార్" అన్నాడు. దానితో నా పరీక్ష ముగిసింది.

ఉరవకొండ, బళ్ళారి దాటుకుని తొమ్మిదింటికి హంపీ చేరాము. ఎండ ముదరకముందే విఠలాలయం చూడాలని మొదట అక్కడికే వెళ్ళాము. బండ్లను దూరంగా ఆపివేస్తారు. అక్కడినుంచి సుమారు కిలోమీటరు దూరం బ్యాటరీ వాహనాలు తీసుకువెళతాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఈ మాట గుర్తుంచుకోండి.

రాతిరథం ఎదుట అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత సంచిలోంచి యాభై రూపాయల నోటు తీసి, దాని వెనుక ముద్రించిన రథాన్ని, ఎదుటి రథాన్ని మార్చి మార్చి చూసింది. అది నిజానికి రథం కాదనీ, రథం ఆకారంలో కట్టిన గరుత్మంతుని గుడి అనీ మాకు పాఠం చెప్పింది. నేను ఆమె గొంతును గమనించాను. అందులో డెబ్భై ఎనిమిదేళ్ళు లేవు.

అక్కడినుంచి రాజప్రాసాదాల వైపు వెళ్ళాము. తామరమహలు, పదకొండు గదుల ఏనుగుల శాల, హజారరామాలయం గోడల మీది రామాయణం చూశాము. మహానవమి దిబ్బ మెట్లు ఎక్కవద్దని అక్కయ్యను వారించాను. క్రిందనే నిలబడి నమస్కరించింది. దగ్గరలోని మెట్ల పుష్కరిణికి నీళ్ళు తెచ్చిన రాతి కాలువలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఊరూరా కలుషిత జలంతో వచ్చే వాంతులు, విరేచనాలకు వైద్యం చేస్తూ ముప్పై అయిదేళ్ళు గడిపిన నాకు, ఆ కాలువలు రథం కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించాయి. 1336లో వెలసిన నగరం 1565 యుద్ధం తరువాత పాడుపడిపోయింది. ఆ రాజులు త్రవ్వించిన కాలువలలో కొన్ని మాత్రం నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి.

విరూపాక్షాలయంలో చీకటిగదిలోని చిన్న రంధ్రం గుండా పడిన కాంతి, గోపురాన్ని గోడ మీద తలక్రిందులుగా చూపుతుంది. మన కంటిలోని తెర మీద బొమ్మ కూడా అలాగే తలక్రిందులుగా పడుతుందని మా శ్రీమతికి వివరించాను. ఆ తరువాత లక్ష్మీనరసింహస్వామి. 1528లో రాయలవారి కాలంలో ఒకే రాతిలో మలచిన విగ్రహం, ఎత్తు 6.7 మీటర్లు. స్వామి మోకాళ్ళను చుట్టి యోగపట్టం ఉంటుంది. అక్కయ్య తన మోకాళ్ళు నిమురుకుంటూ, "చూడరా, స్వామికి కూడా మోకాళ్ళకు పట్టీ వేశారు. నీలాంటి వైద్యుడెవడో అప్పుడూ ఉన్నాడన్నమాట" అన్నది. అందరం నవ్వాము. డ్రైవరు నవ్వలేదు. ఆవలించాడు.

ఇప్పుడు తలచుకుంటే ఆరోజు నేను చూసినవి, చూసి కూడా పట్టించుకోనివి ఒక్కొక్కటే గుర్తుకు వస్తున్నాయి. పొద్దున బళ్ళారిలో ఒకసారి, హంపీలో రెండుసార్లు, భోజనం దగ్గర మరొకసారి టీ త్రాగాడు. అన్నం సగమే తిన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాటిమాటికీ మెడ రుద్దుకున్నాడు. ఒక్కోచోట బండి ఒక్కోచోటికి మార్చవలసి రావడంతో మేము గుళ్ళు చూస్తున్నంతసేపూ అతనికి కునుకు తీసే వీలు చిక్కలేదు. ఇవే లక్షణాలతో ఒక రోగి నా ఎదుట కూర్చుంటే, మొదటి ప్రశ్నగా "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేవాణ్ణి. ఎదుట ఉన్నవాడు రోగి కాదు, డ్రైవరు. కుర్రవాడు, రాత్రంతా ఫోను చూసి ఉంటాడు అనుకున్నాను.

కమలాపురంలో భోజనాలు చేసి రెండున్నరకు తిరుగు ప్రయాణమయ్యాము. నేను ముందు సీటులో ఉన్నాను. ఎండ, భోజనం, ఏ.సీ. చల్లదనం. వెనుక ఆడవాళ్ళిద్దరూ నిద్రలోకి జారుకున్నారు. తోరణగల్లు దాటిన తరువాత అద్దం దించి, మళ్ళీ ఎత్తాడు. పాట పెద్దది చేశాడు. నేను తల త్రిప్పి అతనికేసి చూడలేదు. రోడ్డు ప్రక్కన ఆగి ఉన్న ఒక లారీ దూరంగా కనిపించింది. మా బండి మెల్లగా ఎడమకు ఒరుగుతున్నట్టు తోచింది. ప్రక్కకు తీస్తాడనుకున్నాను. తీయలేదు. అప్పుడు అతని ముఖం చూశాను. తల వాలలేదు. కళ్ళు మూతపడలేదు. సగం తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళలో చూపు లేదు.

"అబ్బీ!" అని అరిచి స్టీరింగు మీద చెయ్యి వేశాను. అతను ఉలిక్కిపడి కుడికి త్రిప్పాడు. లారీ నా ప్రక్క అద్దానికి జానెడు దూరంలో వెనక్కి వెళ్ళిపోయింది. ముందుకు వెళ్ళి, బండి కంకరలోకి దిగి ఆగింది. అక్కయ్య ముందుకు విసిరివేసినట్టై, నా సీటుకు నుదురు కొట్టుకున్నది. ఆ సీటుబెల్టు కొక్కెం సీటుకవరు క్రిందే ఉన్నది.

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అక్కయ్య నుదుటి మీద బొప్పి కట్టింది, అంతే. స్పృహ, చూపు, మాట అన్నీ సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాను. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించి ఏడుస్తున్నాడు. అప్పుడు అడిగాను, తెల్లవారుజామున అడగవలసిన ప్రశ్న.

"ఎప్పుడు పడుకున్నావు నాయనా?"

"రాత్రి బెంగుళూరు ఎయిర్‌పోర్టుకి పోయొచ్చినా సార్. విమానం లేటు. పార్కింగులో గంటసేపు కండ్లు మూసుకున్యా. నాలుగింటికి ఊర్లోకొచ్చి, బండి కడిగి మీ ఇంటికొచ్చినా."

"మరి కాదని చెప్పలేకపోయావా?"

"చెప్తే రేపటినుంచి బండి ఇంకొకనికిస్తారు సార్. మీది తక్కువ రేటు ట్రిప్పంట. ఇంకో డ్రైవర్ని పెడితే గిట్టదన్న్యాడు మా ఓనరు."

ఆ చివరి మాట నాకు తగిలింది. నేను మిగుల్చుకున్నానని సంబరపడిన వెయ్యి రూపాయలు ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది. అవి ఆ కుర్రవాడి నిద్రలోంచి వచ్చాయి.

నిద్రలేమి ఎంత పని చేయిస్తుందో నాకు తెలియక కాదు. హౌస్ సర్జనుగా ఉన్న రోజుల్లో ఏకబిగిన ముప్పై ఆరు గంటలు డ్యూటీ చేసేవాళ్ళం. ఒక తెల్లవారుజామున ఒక పసిబిడ్డకు ఇంజెక్షను మోతాదు వ్రాస్తూ దశాంశ బిందువును తప్పుచోట పెట్టాను. పది రెట్లు మోతాదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ చీటీ వెనక్కి తెచ్చి, "డాక్టరుగారూ, ఒకసారి ముఖం కడుక్కుని వచ్చి, మళ్ళీ చూస్తారా?" అన్నది. ఆ ఒక్క మాట ఆ బిడ్డను కాపాడింది. నన్నూ కాపాడింది. యాభై ఏళ్ళు గడిచినా ఆ సంగతి నేను మరువలేదు. మరొకరికి ఆ మాట చెప్పవలసిన వంతు నాకు వచ్చినప్పుడు మాత్రం చెప్పలేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెబుతాను. మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. నిద్ర ఒత్తిడిని పెంచేది అదే. కాఫీ, టీలలోని కెఫీన్ ఆ పదార్థం పని చేసే చోటును తాత్కాలికంగా అడ్డుకుంటుందే తప్ప, పదార్థాన్ని తొలగించదు. తొలగించగలిగేది నిద్ర ఒక్కటే. అప్పు తీర్చకుండా అప్పులవాడిని గుమ్మం దగ్గర ఆపినట్టు అన్నమాట. ఒత్తిడి మితిమీరినప్పుడు మెదడు మన అనుమతి లేకుండానే కొన్ని క్షణాలు నిద్రపోతుంది. కళ్ళు తెరిచి ఉండగానే ఇది జరగవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు సాగుతుంది. నాలుగు సెకన్ల కునుకులో దాదాపు 90 మీటర్లు ఆ బండికి డ్రైవరు లేడు.

17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా దిగజారుతుందనీ, 24 గంటలైతే అది 0.1 శాతంతో సమానమనీ పరిశోధనలు చూపాయి. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించిన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. మద్యం వాసన వస్తే ఆ బండి మనం ఎక్కం. నిద్రలేమికి వాసన ఉండదు. దాన్ని పట్టే యంత్రం పోలీసుల చేతిలో లేదు. అడిగితేనే తెలుస్తుంది.

దేహంలోని గడియారం కూడా ఒకటున్నది. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు వరకు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అది సహజంగానే మందగిస్తుంది. మేము బయలుదేరినది ఒక మందవేళలో, తిరిగి వస్తున్నది మరొక మందవేళలో. ఒక్కరోజు యాత్రలన్నిటి లెక్క దాదాపు ఇదే.

ఆ రోజు మేము అనంతపురం రాలేదు. ఇరవై నిమిషాల కునుకు సామాన్యమైన అలసటకు పనికివస్తుంది. ముప్పై గంటలకు పైగా సరైన నిద్ర లేనివాడికి అది చాలదు. అరగంట సేపు చెట్టు నీడన పడుకోబెట్టి, ఆ తరువాత నేను ప్రక్కన కూర్చుని మాట్లాడిస్తూ, నెమ్మదిగా బళ్ళారి దాకా నడిపించాను. ఆ కాస్త దూరం కూడా అతనితో నడిపించి ఉండకూడదని ఇప్పుడు అనుకుంటున్నాను. బళ్ళారిలో లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాము. యజమానికి ఫోను చేస్తే మండిపడ్డాడు. మర్నాటి ట్రిప్పు పోతుందన్నాడు. అదనపు రోజు అద్దె నేనిస్తానని చెప్పాను. డ్రైవరు చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలి, పదకొండు గంటలు నిద్రపోయాడు. పొద్దున లేచి వచ్చినప్పుడు అతని ముఖం నేను మొదటిసారి చూసినట్టు అనిపించింది.

ఇల్లు చేరాక అతని బత్తా అతని చేతికే ఇచ్చాను. రెండు వారాల తరువాత ఫోను చేస్తే, పది రోజులపాటు తనకు దూరపు ట్రిప్పులు ఇవ్వలేదని చెప్పాడు. మా ప్రాణాలు దక్కినందుకు అతను చెల్లించిన మూల్యం అది. ఆ విషయంలో నా మనసు ఇప్పటికీ కుదుటపడలేదు.

మోటారు రవాణా కార్మికులకు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలే సాధారణంగా పని ఉండాలని 1961లోనే మన పార్లమెంటు చట్టం చేసింది. అది ఐదుగురు, అంతకు మించి పనివారున్న సంస్థలకు వర్తించేలా చేసినది. ఒకటి రెండు బండ్లు త్రిప్పుకునే చిన్న యజమానుల దగ్గర ఆ గంటలు లెక్కపెట్టే బాధ్యత, న్యాయంగా చూస్తే, బండి ఎక్కే మన మీద కూడా పడుతుంది.

కనుక పాఠకులారా, మీరు హంపీకి వెళ్ళినా, లేపాక్షికి వెళ్ళినా, నాగార్జునకొండకు వెళ్ళినా, బండి మాట్లాడుకునేటప్పుడు ఈ విషయాలు మనసులో ఉంచుకోండి.

బేరం ఆడండి, కాని అద్దె తగ్గించమనే ముందు, "ముందు రాత్రి ఖాళీగా ఉన్న డ్రైవరును పంపుతారా?" అని అడగండి. దానికోసం అయిదువందలు ఎక్కువ అడిగితే సంతోషంగా ఇవ్వండి. డ్రైవరు పేరు, ఫోను నంబరు ముందురోజే తీసుకుని, సాయంత్రం అతనితో స్వయంగా మాట్లాడండి. ఎక్కే ముందు "ఎన్ని గంటలు నిద్రపోయావు?" అని సూటిగా అడగండి. "బాగున్నావా?" అని అడిగితే "బాగున్నాను" అనే చెబుతాడు. జవాబు మీకు నచ్చకపోతే ప్రయాణం వాయిదా వేయండి. గుడి ఎక్కడికీ పోదు.

పసుపు పలక ఉన్న బండినే మాట్లాడుకోండి. తెల్ల పలక ఉన్న సొంత కారును అద్దెకు తీసుకుంటే, జరగరానిది జరిగినప్పుడు బీమా సొమ్ము రావడం కష్టమవుతుంది. పొరుగు రాష్ట్రానికి పర్మిటు ఉన్నదో లేదో చూడండి. వెనుక సీటు బెల్టులు బయటికి తీయించిన తరువాతే బండి కదలనివ్వండి. మధ్యాహ్నం భోజనం తరువాత మీరు నీడలో కూర్చుని, డ్రైవరును అరగంట పడుకోమనండి. దానికి ముందు టీ త్రాగితే, అది పని చేయడం మొదలుపెట్టే సమయానికి లేస్తాడు. దారిలో అద్దాలు దించుతుంటే, పాట పెంచుతుంటే, గీత దాటుతుంటే వెంటనే ఆపించండి. ముందు సీటులో కూర్చునే వ్యక్తి నిద్రపోకూడదు.

వీలుంటే ఒక్కరోజులో ముగించాలన్న పట్టుదల మానండి. హంపీ ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోస్పేటకు వెళుతుంది. అక్కడినుంచి హంపీ పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. ఆటో మాట్లాడుకుని నింపాదిగా చూడవచ్చు. పెద్దవారికి అదే సుఖం.

పోయిన నెలలో మా శ్రీమతిని కంటి పరీక్షకు కర్నూలు తీసుకువెళ్ళవలసి వచ్చింది. బండి ఎక్కే ముందు డ్రైవరును ఎన్ని గంటలు నిద్రపోయావని అడిగాను. అతను కాసేపు నాకేసి చూసి, "ఏడు గంటలు సార్" అన్నాడు. తరువాత, "పదహైదేండ్లయింది సార్ బండి తోలబట్టి. ఈ మాట అడిగినోళ్ళు మీరే మొదలు" అన్నాడు.

అక్కయ్య నుదుటి బొప్పి వారంలో తగ్గిపోయింది. హంపీ గురించి ఎవరు అడిగినా రథం గురించి, కాలువల గురించి, పట్టీ కట్టుకున్న స్వామి గురించి ఉత్సాహంగా చెబుతుంది. లారీ సంగతి మాత్రం చెప్పదు. అందుకే నేను చెబుతున్నాను.

మీ తదుపరి ప్రయాణం క్షేమంగా సాగుగాక.